కత్తిని కొట్టినవాడు

మా ఊరు కారంపూడి. పన్నెండో శతాబ్దంలో మాచర్ల, గురజాల రాజ్యాలు తలపడ్డ పల్నాటి యుద్ధం ఇక్కడే జరిగింది. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజుల పాటు ఊరు ఊరంతా ఆ యుద్ధాన్ని మళ్ళీ తలుచుకుంటుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. ఎక్కడెక్కడి నుంచో వీరాచారవంతులు తమ ఇళ్ళల్లో తరతరాలుగా దాచుకున్న ఆయుధాలు పట్టుకుని వస్తారు. వాటికి నాగులేటిలో స్నానం చేయించి, పసుపు కుంకుమ పెట్టి, వీర్ల గుడికి తీసుకెళ్తారు. చచ్చిపోయిన వీరుల తరఫున ఆ ఇనుమే పూజలందుకుంటుంది.

చిన్నప్పుడు మా తాత భుజం మీద కూర్చుని ఆ ఊరేగింపు చూసేవాణ్ణి. చుట్టూ జనం పేర్లు చెప్పుకునేవాళ్ళు. బ్రహ్మనాయుడి నరసింహ కుంతం, కన్నమదాసు భైరవ ఖడ్గం. నాకు ఒళ్ళు గగుర్పొడిచేది. తాత మాత్రం దణ్ణం పెట్టుకున్నాక కళ్ళు చికిలించి, కర్రకీ ఇనుముకీ అతుకు ఎక్కడుందో చూసేవాడు. ఒక ఏడాది ఇంటికి నడిచొస్తూ అన్నాడు: "పట్టుకున్నోడి పేరు చెప్తారు, చచ్చినోడి పేరు చెప్తారు. దాన్ని కొట్టినోడి పేరు ఒక్కడన్నా చెప్పడేందిరా?"

మాది కమ్మరి ఇల్లు. "కత్తి కొట్టడం" అంటే మా ఇంట్లో కత్తిని తయారుచేయడం. ఊళ్ళో మిగతావాళ్ళకి ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉంటుందని నాకు కాస్త పెద్దయ్యాక గానీ తెలియలేదు.

తాత కొలిమి మా వాకిట్లోనే, వేపచెట్టు కింద రేకుల చావిట్లో ఉండేది. తొలకరికి ముందు నాగలి కర్రులు వరసలో పడుండేవి. కోతలప్పుడు కొడవళ్ళు, మిగతా రోజుల్లో పారలు, గొడ్డళ్ళు, బండి చక్రాలకి పట్టాలు. ట్రాక్టర్లు వచ్చాక కర్రులు ఆగిపోయాయి. టైరు బళ్ళు వచ్చాక పట్టాలు పోయాయి. మా నాన్న పత్తి మిల్లులో పనికి కుదిరాడు. నన్ను కొలిమి దగ్గరికి రానిచ్చేవాడు కాదు, "పో, సదువుకో" అని తరిమేవాడు. పని లేకే నాన్న కులవృత్తి వదిలేశాడని అనుకునేవాణ్ణి. నేనూ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఎవరైనా అడిగితే, మా తాత మెకానిక్ అని చెప్పాను. నాలుగేళ్ళూ అదే చెప్పాను.

తాత పోయిన మూడేళ్ళకి ఇంటికి స్లాబు వేశాం. చావడి అడ్డమొచ్చింది. అప్పటికే హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతిలో లోను, మేస్త్రీతో రోజూ ఫోన్లో గొడవలు. దాగలి ఏం చెయ్యమంటారని మేస్త్రీ అడిగితే పాత ఇనుప సామాన్ల వాడికి ఇచ్చెయ్యమన్నాను. నలభై రెండు కిలోలు తూగింది. కిలో ఇరవై రెండు రూపాయల చొప్పున తొమ్మిది వందల ఇరవై నాలుగు రూపాయలు వచ్చాయి. ఆ డబ్బుతో ఆ రోజు కూలీలకి బిర్యానీ తెప్పించినట్టు గుర్తు. నాన్న అక్కడే ఉన్నాడు. ఏమీ అనలేదు.

ఇదంతా మళ్ళీ తవ్వుకోవడానికి కారణం ఒక పుస్తకం. శారదా శ్రీనివాసన్, శ్రీనివాస రంగనాథన్ కలిసి రాసిన 'ఇండియాస్ లెజెండరీ వూట్జ్ స్టీల్'. 2004లో వచ్చింది. ఆఫీసులో ఒక మిత్రుడు లోహశాస్త్రం చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాడు, "మీ వాళ్ళ గురించే" అని చేతిలో పెట్టాడు. ఎవరు మా వాళ్ళు అని అడగబోయి ఊరుకున్నాను.

ముందు ఆ 'వూట్జ్' అన్న మాట సంగతి చూద్దాం. 1794లో బొంబాయిలో ఉన్న హెలెనస్ స్కాట్ అనే డాక్టరు లండన్‌లో రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి కొన్ని ఉక్కు బిళ్ళలు పంపాడు. మరుసటి ఏడాది జార్జ్ పియర్సన్ వాటిని పరీక్షించి వ్యాసం రాశాడు. మన 'ఉక్కు' (కన్నడంలోనూ ఇదే మాట) ఆ కాగితాల మీద 'వూట్జ్' అయి కూర్చుంది. ఎవరో వినడంలోనో రాయడంలోనో పొరబడి ఉంటారు. రెండు శతాబ్దాలుగా ప్రపంచం ఆ అచ్చుతప్పునే శాస్త్రీయ నామంగా వాడుతోంది.

తర్వాత ఆ బిళ్ళలు మైకేల్ ఫారడే చేతికి వెళ్ళాయి. విద్యుత్తు జోలికి పూర్తిగా వెళ్ళకముందు, 1819లో, ఆయన మన ఉక్కుని విశ్లేషించాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి అలాంటిది లండన్‌లో తయారుచేయాలని రకరకాల మిశ్రమాలు చేసి చూశాడు. అల్యూమినా వల్ల ఆ గుణం వస్తుందేమో అనుకున్నాడు. అది పొరపాటని తర్వాత తేలింది. నన్ను ఆపేసింది వేరే విషయం. ఫారడే తండ్రి కమ్మరి. పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఆయన తన తండ్రి మెకానిక్ అని ఎవరికీ చెప్పుకుని ఉండడు.

ఆ ఉక్కు తయారైన చోట్లలో ముఖ్యమైనదిగా ఆ పుస్తకంలో పదేపదే వచ్చే పేరు కోనసముద్రం. నిజామాబాద్ జిల్లా. మ్యాపులో చూస్తే మా ఫ్లాటు నుంచి నాలుగున్నర గంటల దూరం. మండలం పేరు కమ్మర్‌పల్లి.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాను. నిజామాబాద్ వైపు వెళ్ళే జాతీయ రహదారి మీద కామారెడ్డి దాటాక ఇందల్వాయి టోల్‌గేట్ వస్తుంది. అందరూ ఫాస్టాగ్ పనిచేస్తుందా లేదా అని చూసుకునే చోటు. 1660ల్లో ఫ్రెంచి యాత్రికుడు జాన్ ద తెవెనో ఔరంగాబాదు నుంచి గోల్కొండకి వస్తూ ఈ ఊరి మీదుగానే వెళ్ళాడు. ఇక్కడ కత్తులు, బాకులు, బల్లేలు తయారవుతాయనీ, దేశమంతటా అమ్ముడవుతాయనీ రాసుకున్నాడు. గోల్కొండ చుట్టూ అప్పుడు కాలం ప్రశాంతంగా లేదు. మొగలుల ఒత్తిడి పెరుగుతోంది, చివరికి 1687లో కోట ఔరంగజేబు వశమైంది. అలాంటి కాలంలో రోడ్డు పక్క ఊళ్ళో బల్లేలు చేసేవాడికి పని లేకపోవడమంటూ ఉండదు. నా వెనకాల లారీ వాడు హారన్ కొట్టేదాకా నేను గేటు ఎత్తింది చూసుకోలేదు.

ఆర్మూరు దాటాక అంతా పసుపే. తవ్వకాలు అయిపోయిన చేలు, ఉడకబెట్టే కడాయిలు, కళ్ళాల్లో ఎండుతున్న కొమ్ములు. మా పల్నాడులో ఇదే కాలంలో కళ్ళాలు మిరపకాయలతో ఎర్రగా ఉంటాయి. కోనసముద్రంలో దిగి (అక్కడి వాళ్ళు కోనసమందర్ అంటారు) ఎవర్ని ఏమని అడగాలో తెలియక కాసేపు టీకొట్టు దగ్గర నిలబడ్డాను. చివరికి ఒక పెద్దాయన్ని, పాతకాలంలో ఇనుము కరిగించిన చోటు ఎక్కడుందని అడిగాను.

"యాడికెళ్ళి అచ్చిండ్రు సార్? పేపరోళ్ళా?"

కాదన్నాను. మా తాత కమ్మరి అని చెప్పాను. పరాయివాళ్ళ ముందు ఆ మాట అనడం నాకదే మొదటిసారి. ఆయన పెద్దగా పట్టించుకోలేదు. "అట్లనా. చిట్టెం అయితే శానా ఉంటది, ఏ చేన్ల జూసినా ఎల్తది. దున్నేటప్పుడు అడ్డమస్తదని ఒడ్డుకేస్తం, అంతే" అని తన చేను వైపు నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను.

చిట్టెం అంటే ఇనుము కరిగించాక మిగిలే మడ్డి. గట్టు పక్కన రాళ్ళతో కలిసి పడి ఉంది. నల్లగా, బుడగలు బుడగలుగా, మాడిన బెల్లప్పాకం గడ్డకట్టినట్టు. మధ్యలో కొన్ని మట్టి పెంకులు, ఒకవైపు గాజులాగా మెరుస్తున్నవి. అవి మూసల ముక్కలని పుస్తకంలో బొమ్మలు చూశాను కాబట్టి పోల్చుకున్నాను. ఫ్రిజ్‌కి అంటించే చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్ళాను. చిట్టెం దగ్గర పెడితే అంటీ అంటనట్టు పట్టుకుంది.

ఇక్కడ ఏం జరిగేదో కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇందులో మంత్రం ఏమీ లేదు, చాలా ఓపిక ఉంది.

ముందు ఖనిజాన్ని బొగ్గులతో కలిపి, చిన్న మట్టి కొలిమిలో తిత్తులతో గాలి కొడుతూ కాలిస్తే ఇనుము ముద్దగా దిగుతుంది. ఈ పని చేసేవాళ్ళని తెలంగాణలో ముద్ద కమ్మరులు అనేవారు. ఇది కరిగిన ఇనుము కాదు. శుద్ధమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి, ఆ కొలిమిలో అంత రాదు. మెత్తటి ముద్దలో చిట్టెం ఇరుక్కుని ఉంటుంది. దాన్ని సమ్మెటతో కొట్టి కొట్టి శుభ్రం చేయాలి. కర్రుకీ పారకీ ఇది చాలు. మా కోస్తాలోనూ ఇలా తీసేవాళ్ళు. నూజివీడు దగ్గర రమణక్కపేటలో ఈ పనిని స్వయంగా చూసి బెంజమిన్ హైన్ 1814 నాటి తన పుస్తకంలో రాశాడు.

కోనసముద్రం వాళ్ళ ప్రత్యేకత ఆ తర్వాతి మెట్టు. ఆ ఇనుము ముక్కల్ని కార్బన్ ఇచ్చే పదార్థాలతో పాటు మట్టి మూసలో పెట్టి, మూత వేసి, గాలి చొరబడకుండా మెత్తేవారు. మూస మట్టిలో వరి ఊక కలిపేవారు. ఊక కాలి మూసకి బలమిస్తుంది, అంత వేడికీ పగలకుండా కాపాడుతుంది. మూసలన్నిటినీ కొలిమిలో పేర్చి సుమారు ఒక రోజంతా ఎడతెగకుండా కాల్చేవారు. కార్బన్ ఇనుములోకి ఎక్కేకొద్దీ కరిగే వేడి తగ్గుతుంది, అప్పుడు లోపలిదంతా ద్రవమవుతుంది. చిట్టెం పైకి తేలిపోతుంది. దాన్ని మెల్లగా చల్లార్చి మూస పగలగొడితే, అడుగున అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్ళ. అందులో కార్బన్ నూటికి ఒకటిన్నర పాళ్ళ దాకా ఉంటుంది. బిళ్ళ మరీ పెళుసుగా ఉంటుంది కాబట్టి, దాని మీద మట్టి పూసి మళ్ళీ కాల్చి చల్లార్చేవారు, మూడు నాలుగుసార్లు. ఐరోపాలో ఉక్కుని ఇలా మూసలో కరిగించడం షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ 1740ల్లో మొదలుపెట్టాడు.

ఈ పనిని దగ్గర నుంచి చూసి రాసినవాడు హెన్రీ వాయ్సీ. భారతదేశాన్ని త్రికోణాలుగా కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలో డాక్టరు, భూగర్భ శాస్త్రవేత్త. 1824లో చనిపోయాడు. ఆయన రాసింది 1832లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. కోనసముద్రం వాళ్ళు రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన ఇనుముని ఒక లెక్క ప్రకారం కలుపుతారని ఆయన గమనించాడు. ఆ వ్యాసంలో నాకు బాగా గుర్తుండిపోయిన మనిషి మాత్రం ఒక వర్తకుడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చాడు. పర్షియా నుంచి ఈ చిన్న పల్లెకి! వచ్చి ఊరికే సరుకు కొనుక్కుపోడు. తూకం దగ్గర తనే ఉంటాడు, పని జరుగుతుంటే తనే చూసుకుంటాడు, ఉక్కు పరీక్ష తన కళ్ళ ముందే జరగాలి. ఫ్యాక్టరీలో మకాం వేసే ఫారిన్ క్లయింటు అన్నమాట.

ఎందుకంత శ్రద్ధ? ఎందుకంటే అక్కడ దీంతో చేసేవి కత్తులు. తెవెనో కాలం వాడే అయిన తవెర్నియే, పర్షియాలో నీటి అలల్లాంటి చారలు దేలే కత్తికి గోల్కొండ రాజ్యం ఉక్కే కావాలని రాశాడు. చిన్న రొట్టె ప్రమాణంలో ఉండే బిళ్ళని రెండుగా కోస్తే ఒక్కో ముక్కకి ఒక్కో కత్తి. ఇక్కడ చవగ్గా కొన్నది అక్కడికి చేరేసరికి ఎన్నో రెట్లు ధర. గోల్కొండ సుల్తానుల రేవు మచిలీపట్నానికీ పర్షియా తీరానికీ మధ్య ఓడలు తిరుగుతుండేవి. డచ్చి కంపెనీ కోరమాండల్ తీరం నుంచి ఇనుము, ఉక్కు బటావియాకి ఎత్తుకుపోయేది. పశ్చిమాసియా సైన్యాలకి కత్తులందించిన పరిశ్రమకి ముడిసరుకు వెళ్ళిన చోట్లలో ఒకటి ఈ పసుపు చేలు.

ఇంతా చేస్తే ఆ కత్తులకి ఐరోపా పెట్టిన పేరు డమాస్కస్. వాళ్ళు చూసిన బజారు పేరు అది. అరబ్బులు కాస్త నయం, కత్తికి 'ముహన్నద్' అని ఒక మాట వాడేవారు, హింద్‌లో పుట్టింది అని అర్థం. కోనసముద్రం పేరు మాత్రం ఎవడి కత్తి మీదా లేదు. గట్టు మీద కూర్చుని ఇది ఆలోచిస్తుంటే తాత ప్రశ్న మళ్ళీ వినపడింది. అడిగినప్పుడు అది కారంపూడి గురించి అనుకున్నాను.

ఇక్కడ ఒక జాగ్రత్త పడాలి. 2006లో డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు పదిహేడో శతాబ్దపు డమాస్కస్ కత్తి ఒకదానిలో కార్బన్ నానోట్యూబుల ఆనవాళ్ళు ఉన్నాయని 'నేచర్' పత్రికలో రాశారు. అప్పటి నుంచి మన పూర్వీకులకి నానోటెక్నాలజీ తెలుసని వాట్సాప్‌లో ఫార్వర్డులు. మా ఫ్యామిలీ గ్రూపులోనూ వచ్చింది, గర్వంగా చేతులు జోడించిన బొమ్మతో సహా. తెలుసుకోవడం, చేయగలగడం ఒకటి కావు. అమెరికాలో జాన్ వెర్హోవెన్ అనే లోహశాస్త్రజ్ఞుడు, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరితో కలిసి (ఇక్కడా ఒక కమ్మరి కావాల్సి వచ్చాడు) ఏళ్ళ తరబడి పనిచేసి, 1998లో ఒక సంగతి తేల్చారు. ఆ చారలు ఏర్పడాలంటే ఉక్కులో వనాడియం లాంటి మూలకం లేశమాత్రం ఉండాలి, లక్షలో నాలుగైదు పాళ్ళు కూడా చాలు. ఆ మూలకం ఖనిజంతో పాటు దానంతటదే వస్తుంది. మూస దగ్గర కూర్చున్నవాడికి దాని పేరు తెలిసే అవకాశమే లేదు, అసలు ఆ మూలకాన్ని కనుక్కున్నదే పందొమ్మిదో శతాబ్దంలో. ఫలానా కొండ ఇనుము వేస్తే బాగా వస్తుంది, ఫలానాది వేస్తే రాదు, అంతే అతనికి తెలిసింది. అది కూడా చిన్న తెలివేం కాదు. కానీ ఆ కొండ ఖనిజం అయిపోతేనో, అక్కడికి దారి మూసుకుపోతేనో, ఏం పోయిందో కూడా తెలియకుండా విద్య పోతుంది.

మా కంపెనీలో ఇరవై ఏళ్ళ నాటి ఒక బ్యాచ్ ప్రోగ్రాం ఉంది. రాసినవాడు రిటైరయ్యాడు. ఒక వేరియబుల్‌ని సున్నా చేస్తే మొత్తం కూలిపోతుంది, ఎందుకో ఎవరికీ తెలీదు. అందరం దాన్ని ముట్టుకోకుండా పక్కనుంచి నడుస్తాం. కోనసముద్రంలో ఖనిజాన్ని ఎంచుకున్న తీరు చదువుతుంటే నాకు ఆ ప్రోగ్రాం గుర్తొచ్చింది, కొంచెం భయంగా.

చేసే పద్ధతి కూడా అంతే చేతుల్లో ఉండేది. ఈ బిళ్ళల్ని కొన్న ఐరోపా కమ్మరులు మామూలు ఇనుముని కాల్చినట్టే తెల్లగా కాల్చి సమ్మెట వేస్తే, అవి పొడి పొడి అయ్యాయి. ఇంత కార్బన్ ఉన్న ఉక్కుని తక్కువ వేడిలో, ఎర్రగా ఉన్నప్పుడే, ఓపిగ్గా సాగదీయాలి. మా తాత కొడవలికి పదును పెట్టేటప్పుడు చావట్లో తడికలు దించి చీకటి చేసుకునేవాడు. ఎండలో ఇనుము రంగు తెలియదనేవాడు. కుంకుమ రంగు దాటితే పట్టకారుతో పక్కకి లాగేసేవాడు. ఆయన దగ్గర థర్మామీటరు లేదు. ఆ వేడిని ఆయన కళ్ళతో కొలిచేవాడు. ఆ రంగేమిటో నాకు చూపించమని నేనెప్పుడూ అడగలేదు.

వాయ్సీ చూసిన తర్వాత ఆ పని ఎంతో కాలం నిలబడలేదు. తుపాకులు నేర్చిన సైన్యాలకి కత్తులు అలంకారమయ్యాయి. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక ఇంగ్లండు ఉక్కు టన్నుల కొద్దీ, చవగ్గా, రైళ్ళ మీద ఊళ్ళోకి వచ్చింది. మూసకి ఒక బిళ్ళ చొప్పున, ఒక రోజంతా అడవి బొగ్గు తగలేసి చేసేవాడు దాని ముందు ఎలా నిలుస్తాడు? 1878 ఆయుధాల చట్టంతో బ్రిటిషు వాళ్ళ ఏలుబడిలో కత్తి పట్టుకోవడానికే లైసెన్సు కావాల్సి వచ్చింది. కోనసముద్రం కమ్మరుల పిల్లలు బహుశా మా నాన్నలాగే వేరే పనులు చూసుకున్నారు. 2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో సర్వే చేస్తే రెండు వందలకు పైగా చోట్ల ఇనుము పని ఆనవాళ్ళు దొరికాయి. ఎక్కువగా చిట్టెం గుట్టలే.

చేతిలో ఉన్న మూస పెంకుని జేబులో వేసుకోబోయాను. పెద్దాయన చూస్తూ ఉన్నాడు, ఏమీ అనలేదు. మళ్ళీ గట్టు మీదే పెట్టేశాను. దాగలిని కిలోల లెక్కన అమ్మినవాణ్ణి, పెంకు ముక్కని షోకేసులో పెట్టుకుంటే ఏం బాగుంటుంది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మరుగునపడ్డ ఘన చరిత్ర గురించిన వ్యాసం అయ్యేది. మొదట అలాగే రాసుకున్నాను. ఊరెళ్ళినప్పుడు నాన్నకి చెప్పడంతో అది చెడిపోయింది.

పోయిన కార్తీకంలో తిరునాళ్ళకి వెళ్ళాను. మందపోరు రోజు. ఆ రోజు చాపకూడు, అన్ని కులాలవాళ్ళూ ఒకే చోట కూర్చుని తింటారు, బ్రహ్మనాయుడు పెట్టిన ఆచారమని చెప్తారు. భోజనాలయ్యాక నాన్న, నేను గుడి బయట అరుగు మీద కూర్చున్నాం. ఫోన్లో కోనసముద్రం ఫోటోలు చూపించాను. మూసలు, వరి ఊక, ఇస్ఫహాన్ వర్తకుడు, అన్నీ చెప్పాను. ఎక్కడో పర్షియాలో రాజులు మన కమ్మరోళ్ళ ఉక్కుతో యుద్ధాలు చేశారు నాన్నా అన్నాను. నా గొంతులో గర్వం నాకే వినపడింది.

నాన్న ఫోను నా చేతికిచ్చేశాడు. "ఆ ఇనుంతో ఎంతమంది సచ్చారంట?"

నా దగ్గర జవాబు లేదు.

కాసేపటికి తనే చెప్పాడు. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు ఉంటాయి. పల్నాడులో అవి పార్టీల గొడవల రోజులు. ఒక రాత్రి పక్క ఊరి నుంచి నలుగురు వచ్చి ఆరు వేటకొడవళ్ళు కావాలన్నారు. డబ్బు ముందే ఇచ్చారు, తెల్లారేసరికి కావాలన్నారు. తాత కాదనలేదు. కాదంటే ఏమయ్యేదో కూడా తెలుసు, ఇంట్లో బియ్యం లేవన్నదీ తెలుసు. నెల తిరక్కుండా ఆ ఊళ్ళో ఒక మనిషిని చంపారు. ఏ కొడవలితో చంపారో ఎవరికి తెలుసు? పోలీసులు తాత దగ్గరికి రాలేదు, ఎవరూ ఏమీ అడగలేదు.

"నాయన కొట్టాడు. తిత్తి లాగింది నేను" అన్నాడు నాన్న. "మర్నాటి నించి కొలిమి కాడికి పోలా. మిల్లులో చేరా. పనుల్లేక పోయాననుకున్నావు నువ్వు, అట్టాగే అనుకోనీ అనుకున్నా."

"తాత ఏమన్నాడు?"

"ఏవనలా. కొడవలి అడిగితే కొడవలి కొట్టా, అది దేనికో నేనడగలా అన్నాడు, ఒక్కసారి. మళ్ళీ ఎప్పుడూ ఆ మాటెత్తలా."

దాగలి అమ్మినప్పుడు ఎందుకు అడ్డుపడలేదని అడిగాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బిర్యానీ బానే ఉంది ఆ రోజు" అన్నాడు. నవ్వాడో లేదో చీకట్లో సరిగ్గా తెలియలేదు.

నేనప్పటి నుంచీ తాత ప్రశ్నని తిప్పి తిప్పి చూస్తున్నాను. కొట్టినోడి పేరు చెప్పరేందిరా అని ఆయన అడిగింది ఆ రాత్రికి ముందా, తర్వాతా? తాత భుజం మీద కూర్చునే వయసంటే ముందే అయ్యుండాలి. కానీ జ్ఞాపకాలకి తేదీలు ఉండవు. తర్వాత అడిగి ఉంటే ఆ ప్రశ్నకి ఇంకో అర్థం వస్తుంది. పేరు చెప్పకపోవడం ఆయనకి అన్యాయంగా అనిపించిందా, ఊరటగా అనిపించిందా? పేరు కావాలనుకునేవాడు ఆ పేరుతో పాటు వచ్చేదంతా మోయాలి. కోనసముద్రంలో మూస పగలగొట్టినవాడు, ఆ బిళ్ళ ఏ ఊరి గోడల కింద ఎవరి మెడ మీద పడుతుందో అడిగాడా? ఇస్ఫహాన్ నుంచి వచ్చినవాడు చెప్పాడా? తూకం సరిపోయింది, డబ్బు ముట్టింది. నేను రాసే కోడ్ చివరికి ఎవరు దేనికి వాడతారో నేనూ ఏ మీటింగులోనూ అడగలేదు. జీతం ఒకటో తారీఖున పడుతుంది.

అయినా సరే, వాళ్ళ పేర్లు తెలిస్తే బాగుండుననే అనిపిస్తుంది. పొగడడానికే కాదు. కత్తి పట్టినవాణ్ణి దేవుణ్ణి చేసి, కొట్టినవాణ్ణి చిట్టెంతో పాటు గట్టు మీదకి విసిరేస్తే, ఆ కత్తి ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు డబ్బిచ్చారు, ఎవరి ఇంట్లో బియ్యం లేవు అన్న ప్రశ్నలు కూడా దానితో పాటే పోతాయి. అప్పుడు యుద్ధం ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు కనిపిస్తుంది.

మర్నాడు కోడిపోరు. జనంలో నేనూ నాన్నా పక్కపక్కనే నిలబడ్డాం. ఆయుధాలు వచ్చాయి, డప్పులు, కేకలు, సాంబ్రాణి పొగ. పక్కనున్న కుర్రాడెవరో తన చెల్లికి పేర్లు చెప్తున్నాడు, ఇది ఫలానా వీరుడిది, అది ఫలానా వీరుడిది అని. నాన్న దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత కళ్ళు చికిలించి, అచ్చం తాతలాగే, కర్రకీ ఇనుముకీ మధ్య అతుకు వైపు చూశాడు.

"బానే కొట్టాడు" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.